ప్లగ్గు పీకిన పెట్టె

తిరుత్తణి నుంచి పొదటూరుపేటకు పోయే దోవలో, మూతబడిన మగ్గాల షెడ్డు పక్కన ఒక రేకుల రూముంది. పగటిపూట చూస్తే దాంట్లో విశేషమేమీ ఉండదు. ముందర జిల్లేడు చెట్లు, తలుపుకు తుప్పుపట్టిన బీగం, గోడమీద సగం చెరిగిపోయిన ఆర్కెస్ట్రా పేరు. పొద్దుగూకినాక మాత్రం ఆ పక్క ఎవురూ తలకాయ కూడా తిప్పరు.

దెయ్యం, అంతే. ఎవురినడిగినా అదే మాట. బైకులు ఆడికొచ్చేసరికి ఆగిపోతాయంటారు. పెట్రోలు పోయకుంటే యాడైనా ఆగిపోతాయి, ఆ సంగతి మనకొద్దు. తెల్లచీర, విరబోసుకున్న తల, వెనక్కి తిరిగిన పాదాలు... ఇట్లాంటి సింగారాలు ఏవీ ఈ దెయ్యానికి లేవు. దీనికి ఉండేదల్లా ఒక గొంతు.

ఆ గొంతు ఎప్పుడు లేస్తాదో తెలుసునా — కరెంటు పోయినప్పుడు.

ఊరంతా టక్కని చీకటైపోతాది. ఫ్యాన్లు ఆగిపోతాయి, టీవీల నోళ్లు మూతబడతాయి, యాడో ఒక కుక్క మొరిగి ఊరుకుంటాది. అప్పుడు... ఆ రూములోంచి... గిటారు. కరెంటు లేని ఊర్లో, బీగం వేసిన రూములో, కరెంటు గిటారు. మ్‌మ్‌మ్... అని సన్నగా మోగి, మోగి, ఎక్కిళ్లు పట్టినట్టు తెగి తెగి ఆగిపోతాది. విన్నోళ్లకు ఆ పొద్దు అన్నం దిగదు.

ఇంకొకటి కూడా ఉంది. అది గొంతు కంటే ఘోరం.

ఆ రూములో గుణశేఖర్ అనే ఆయన చచ్చిపోయినాడు. ఆదివారం చర్చిలో, మిగతా దినాలు పెండ్లి కచ్చేరీల్లో గిటారు వాయించేవాడు. చూసినప్పుడు చేయి ఆంప్లిఫయరు పెట్టెలో ఉండింది. షాకు కొట్టి పోయినాడని అనేసి ఊరుకోవచ్చు. కానీ ప్లగ్గు గోడలో లేదు. పీకేసి, వైరును ఒద్దికగా చుట్ట చుట్టి, మేకుకు తగిలించుండింది. ప్లగ్గు పీకిన పెట్టె మనిషిని ఎట్ల చంపతాది చెప్పండి? లైనుమన్ వచ్చి చూసి తల గోక్కున్నాడు. పోలీసులు గుండె ఆగిందని చెప్పి పోయినారు. ఊరు మాత్రం అంత సులభంగా పోలేదు. దెయ్యం పట్టుకునింది, అనింది.

ఇది నాకు చెప్పింది నటరాజ్. ఆవడిలో మోటార్లు చుట్టే అంగడిలో పని చేస్తాడు. అంతకు ముందు ఆ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తా, అందరి పెట్టెలూ రిపేరు చేస్తా ఉండినాడు. గుణశేఖర్‌కూ ఆయనకూ ప్రాణస్నేహం. ప్రాణస్నేహమంటే ఏముంది, దినామూ కొట్లాడుకునేవాళ్లు. అదీ ఒక స్విచ్చి కోసరం.

గుణశేఖర్ ఆంప్లిఫయరు షాపులో కొన్నది కాదు. తాతల కాలం రేడియోల్లో ఎర్రగా వెలిగే గాజు బుడ్లుంటాయి చూడండి, వాల్వులంటారు, అవి ఏరుకొచ్చి ఇద్దరూ కూచోని చేసుకున్నారు. ఆ పెట్టెలో గిటారు మోగితే గొంతులో రవంత బెల్లం పెట్టుకున్నట్టు ఉండేదంట. దానికి ఒకటే స్విచ్చి. వేస్తే మెల్లగా వేడెక్కుతాది, వేడెక్కినాక పాడతాది, తీసేస్తే చల్లారతాది.

నటరాజ్‌కు అది చాలలేదు.

"పెద్ద కంపెనీలోళ్ల పెట్టెలకు రెండు స్విచ్చులుంటాయి మచ్చా. ఒకటి కరెంటుకు, ఇంకొకటి స్టాండ్‌బైకి. అది వేస్తే వాల్వులు వేడిగానే ఉంటాయి, గొంతు మాత్రం మూసుకుంటాది. కావాలన్నప్పుడు టక్కని పాడతాది. వాళ్లు తెలియకనే పెట్టినారా?"

"మా తాత రేడియోకు ఎన్ని స్విచ్చులుండె?" అనేవాడు గుణశేఖర్. "ఒకటే. ఆయన పోయినాక కూడా పాడింది. ఒక కంపెనీవోడు పెట్టినాడని ఇంకొకడు పెట్టినాడు, వాన్ని చూసి నువ్వు. గొర్రెలు గోడ దూకినట్టు. నిద్రపోనీవు, లేవనీవు... ఇదేం స్విచ్చి రా? ఉంటే పాడాల, లేకుంటే చల్లారాల."

ఇట్ల ఏండ్లు గడిచినాయి. స్విచ్చి రాలేదు, కొట్లాట పోలేదు.

చివరికి నటరాజ్‌ను గెలిపించింది గుణశేఖర్ పెండ్లాము, ఏంజెలిన్. చర్చి పాటల గుంపులో ఆమె ముందు వరసలో పాడేది. పాస్టరయ్య ప్రసంగం చెప్తా ఉంటే ఆ పెట్టె ఊరికే బుర్రుమని గుర్రు పెట్టేది. ఆయన కండ్లెర్ర చేసేవాడు. గుణశేఖర్ ఆపేసేవాడు. ప్రసంగం అయిపోయి పాట ఎత్తుకోవాలంటే పెట్టె చల్లారుండేది. పాడేవాళ్లందరూ నోళ్లు తెరుచుకుని అది వేడెక్కేదాకా కాచుకోవాల. జనం నవ్వేవాళ్లు. ఏంజెలిన్‌కు తల కొట్టేసినట్టయ్యేది.

ఒక దినం ఆమే నటరాజ్ దగ్గరికొచ్చింది. "అన్నా, ఆ రెండో స్విచ్చేదో ఉందంటివే, అది పెట్టేయన్నా. నాకోసరం అని చెప్పు, వింటాడు."

విన్నాడు. "ఇంట్లో దాని మాట, బయట నీ మాట. ఇంగ నేనెవురురా ఈ పెట్టెకు? పెట్టుకో పో," అని నవ్వినాడు.

నటరాజ్ స్విచ్చి పెట్టినాడు. గోళ్లరంగుతో దాని కింద ఒక పక్క 'ఉండు' అనీ, ఇంకో పక్క 'పాడు' అనీ రాసినాడు. గుణశేఖర్ ఆ రెండో మాట చూసి పడీ పడీ నవ్వినాడంట. "పాటకు పాడా, పాడైపోను పాడా? స్పష్టంగా చెప్పు మచ్చా."

మరుసటి వారం నటరాజ్ ఆవడి పనికి పోయినాడు. ఎండలు ముదిరినాక గుణశేఖర్ పోయినాడని ఫోనొచ్చింది. వచ్చినాడు, గుంతలో మట్టి వేసినాడు, మళ్లీ రైలెక్కినాడు. రూములోకి తొంగి కూడా చూడలేదు, మనసొప్పలేదు. ప్లగ్గు పీకుండిందని ఎవురో చెప్తే, ఊరి నోరు కదా, ఉప్పూ కారం జల్లకుండా ఉంటుందా అనుకున్నాడు.

రెండేండ్లు గడిచినాయి.

చుట్టాల బిడ్డకు చెవులు కుట్టించే పండగని, ఒక సాయంత్రం నటరాజ్ తిరుత్తణిలో రైలు దిగినాడు. ఆటో మలుపుదాకానే వచ్చింది. ఆడ తాయమ్మ టీ అంగడి. ఆమె నటరాజ్‌ను ఎరిగిన మనిషే.

"బస్సు వస్తాది, కూచో," అనింది. "నడిచి పోవద్దు. ఆ రూము ముందర నడవద్దు."

"నా రూమే కదక్కా అది. ఆడ నేను తిన్న దోసెలెన్ని..."

"అప్పుడు వేరే." తాయమ్మ గొంతు తగ్గించింది. "వేండాం నటరాజు. సొన్నా కేళు, చెప్తే విను. ఆ గుణశేఖర్ ఇంకా పోలేదు. ఆడే ఉండాడు. పోయిన శుక్రవారం కూడా... నేనే విన్నా."

నటరాజ్ నవ్వినాడు. నవ్వింది ధైర్యంతో కాదు, ఏం చేయాలో తెలియక. బస్సు రాలేదు. బస్సు ఎప్పుడొచ్చింది గనక. బ్యాగు భుజానికేసుకుని నడిచినాడు.

మగ్గాల షెడ్డు గోడ వచ్చింది. దూరంగా ఊరి లైట్లు కనపడతా ఉండినాయి. ఇంకొంచెం పోతే వీధిలైటు...

కరెంటు పోయింది.

ఎంత చీకటంటే, తన చేయి తనకు కనపడలేదు. నటరాజ్ నిలబడిపోయినాడు. జిల్లేడాకు కూడా కదల్లేదు. అప్పుడు ఎడమపక్కనుంచి...

మ్‌మ్‌మ్...

గిటారు. ఒకటే తీగ. మోగతా... సన్నబడతా...

ఒళ్లంతా జల్లుమనింది. పరుగెత్తాలని ఉంది. కానీ ఆడే నిలబడి విన్నాడు. ఆ తీగ సన్నబడి, సన్నబడి, చివర్న... ఎక్కిళ్లు పట్టినట్టు... తెగి తెగి ఆగింది.

ఆ ఎక్కిళ్లను నటరాజ్ ఎరుగును.

కరెంటు పోయినంత మాత్రాన వాల్వుల పెట్టె వెంటనే చావదు. లోపల కండెన్సర్లని డబ్బాలుంటాయి. బిందెలో నీళ్లు పట్టి పెట్టుకున్నట్టు అవి కరెంటును పట్టి పెట్టుకుంటాయి. వాల్వులు వేడిగా ఉన్నంతసేపూ ఆ కరెంటును తాగతానే ఉంటాయి, పెట్టె పాడతానే ఉంటాది. బిందె ఖాళీ అయినాకనే నోరు మూస్తాది. గుణశేఖర్‌కు దీంట్లో ఒక అలవాటుండింది. పెట్టెలో చేయి పెట్టాల్సొస్తే ప్లగ్గు పీకి, గిటారు తీగ మీటేవాడు. మోగితే లోపల ఇంకా కరెంటు ఉన్నట్టు. మీటతా, మీటతా, పలకకుండా పోయినాక "చల్లారింది" అని చేయి పెట్టేవాడు. మీటరూ గీటరూ ఏదీ వాడి ఎరగడు.

కాబట్టి ఆ మోగేది ఆ పెట్టే. లోకంలో అట్ల ఎక్కిళ్లు పెట్టేది అదొక్కటే. దాంట్లో ఆశ్చర్యం లేదు. కానీ కరెంటు పోయేముందర దాని స్విచ్చి వేసి పెట్టిందెవురు? ఆ తీగ మీటిందెవురు?

ముందర బీగం బీగంగానే ఉంది. వెనకపక్క ఒక చిన్న తలుపుండేదని నటరాజ్‌కు తెలుసు. జిల్లేళ్లను తోసుకుంటా పోయినాడు. ఎందుకు పోయినాడంటే చెప్పలేడు. తలుపు దగ్గరగా వేసుండింది. తోసినాడు.

చీకట్లో, నేలకు జానెడెత్తున... రెండు ఎర్రటి చుక్కలు. ఆయన చూస్తా ఉండగానే అవి నల్లబడతా ఉండినాయి. వాటి వెనకాల ఎవురో కూచోనున్నారు. ఊపిరి వినపడతా ఉంది.

"ఎవురు...?" అన్నాడు. మాట బయటికొచ్చిందో లేదో.

ఊపిరి ఆగింది.

"... నటరాజన్నా?"

ఫోను లైటు వెలిగింది. చేతుల్లో గిటారు, మెడలో కంపెనీ గుర్తింపు కార్డు, ఒళ్లో టిఫిన్ సంచి. ఏంజెలిన్.

ఇదండీ దెయ్యం. తిరువళ్లూరు పక్కన కంపెనీలో ప్యాకింగ్ పని చేసి, కంపెనీ బస్సు దిగి, ఇంటికి పోయే ముందర వెనక తలుపుతో లోపలికొచ్చి, మొగుడి పెట్టె ముందర కాసేపు కూచోని పోయే మనిషి. కరెంటున్నప్పుడు ఊరి ఫ్యాన్ల, టీవీల రొదలో ఆమె గిటారు ఎవురికీ వినపడదు. కథ ఈడ ఆపేస్తే మీరూ నేనూ నవ్వుకుంటా పోయి పడుకోవచ్చు. ఆపగలిగితే బాగానే ఉండును.

"భయపెట్టేసినావమ్మా," అన్నాడు నటరాజ్, తలుపుకు ఆనుకుని.

"నువ్వు మాత్రం?" అనింది ఆమె. "ఊర్లో దెయ్యమంటారు. నేనేమీ అనలేదన్నా. దెయ్యమనుకుంటే ఇటు ఎవురూ రారు కదా. ఉండనీ అనుకున్నా."

"ఎందుకమ్మా ఈ చీకట్లో..."

"ఇంట్లో ఏముంది? ఈడైతే ఇది బుర్రుమంటాది. ఆయనుండేటప్పుడు మాదిరే ఉంటాది." గిటారును గోడకు ఆనించింది. "కరెంటు పోయినా పాడతాది, విన్నావా? అది ఆయన కాదా అన్నా?"

బిందె, నీళ్లు, కండెన్సరు... అన్నీ నటరాజ్ నాలుక చివరిదాకా వచ్చినాయి. ఆమె మొగం చూసి మింగేసినాడు. "మ్," అన్నాడు.

అంతలో కరెంటొచ్చింది. రూములో బల్బు ఆమె వేసుకోలేదు, ఎవురికన్నా కనపడతాదని. దూరంగా వీధిలైటు వెలిగింది. పెట్టె మెల్లగా వేడెక్కింది. చుక్కలు మళ్లీ ఎర్రబడినాయి. బుర్రుమని గుర్రు మొదలైంది.

"ఉండన్నా, నిన్నొకటి అడగాల. దీని గురించి నీకొక్కడికే తెలుసు." ఏంజెలిన్ చేయి చాపి, చూడకుండానే స్విచ్చి ఇటు వేసింది. పెట్టె గమ్మునైంది. 'ఉండు.' నటరాజ్ రాసిన రంగు ఇంకా చెరగలేదు.

"ఆ పొద్దు కూడా ఇట్లనే వేసినా," అనింది. "నా మాట వినపడాలని."

ఆ సాయంత్రం సంగతి ఆమె ఎవురికీ చెప్పలేదు. రెండేండ్లు కడుపులో పెట్టుకునుండింది. తన కంపెనీ క్యాంటీన్‌లో మొగుడికి పని చూసింది. మేనేజరు కాళ్లావేళ్లా పడి అడిగింది. ఆ దినం వచ్చి కనపడమన్నారు. గుణశేఖర్ ఎవురి పెండ్లికో గిటారు పట్టుకుని పోయినాడు. మాపటికి ఆమె నేరుగా రూముకొచ్చింది. ఆయన వాయిస్తా ఉండినాడు. ఆమె పెట్టె నోరు మూయించింది, తన నోరు తెరిచింది.

"ఎన్ని మాటలన్నానో అన్నా. ఒక్కటికీ బదులు చెప్పలేదు. లేచి ప్లగ్గు పీకినాడు. వైరు చుట్టినాడు. నాకింకా రేగింది. నీకు నాకంటే ఈ పెట్టే ఎక్కువ కదా, పో, దాంతోనే పో... అనేసినా."

నటరాజ్ తలుపు వదిలి లోపలికొచ్చి కూచున్నాడు.

"బయటికొచ్చి మెట్టుమీద కూచోని ఏడుస్తా ఉండినా. లోపల్నుంచి తీగ మీటింది వినపడింది, ఉత్త తీగ, పెట్టె గొంతు కాదు. 'చల్లారింది' అన్నాడు, వాడుక మాటే కదా అది. నా మీద అలిగి పెట్టె విప్పుకుంటా ఉండాడులే అనుకున్నా. తర్వాత ఇంగ చప్పుడు లేదు."

పమిటతో మూతి తుడుచుకుంది.

"ఆయనకు కరెంటు గురించి తెలియనిదేముందన్నా? నిద్దట్లో కూడా తప్పు చేయడు. తెలిసే పెట్టినాడా చేయి? నేను పో అన్నాననేనా పోయినాడు? ఊరికి దెయ్యం కావాల, నాకు అది తెలియాల. అదొక్కటి చెప్పన్నా. ప్లగ్గు పీకిన పెట్టె చంపతాదా?"

ఎప్పుడూ తప్పు చేయని మనిషి, పలకని తీగ, చుట్టిన వైరు... చూస్తే ఆమె భయమే నిజమేమో అనిపించింది నటరాజ్‌కు ఆ నిమిషానికి. "ఏమోమ్మా..." అన్నాడు.

ఆమె కాసేపు చూసింది. బదులు రాదని తెలిసినాక లేచింది.

"సరే పద. టైమైంది."

ప్లగ్గు పీకింది. వైరు చుట్ట చుట్టింది. మేకుకు తగిలించింది. గిటారు తీగ ఒకతూరి మీటింది. పెట్టె పలకలేదు.

"చల్లారింది," అనింది, గుణశేఖర్ అన్నట్టే. సంచిలోంచి ఒక పాతగుడ్డ తీసింది. "వారానికొకతూరి లోపల దుమ్ము తుడుస్తా. ఆయనెట్ల తుడిచేవాడో అట్లనే." పెట్టె వెనక పలక అప్పుటికే తీసుండింది. గుడ్డ పట్టుకున్న చేయి లోపలికి పోతా ఉంది...

నటరాజ్ ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

ఎందుకు పట్టుకున్నాడో తలకాయకు తర్వాత తెలిసింది, చేతికి ముందే తెలిసింది. స్విచ్చి 'ఉండు' మీద ఉంది. 'ఉండు' మీద ఉంటే వాల్వులకూ కండెన్సరుకూ నడమ దోవ మూసుకుంటాది. తాగేవాళ్లు లేరు. బిందె నిండుగా అట్లనే ఉంటాది. పెట్టె పలకనిది చల్లారి కాదు, నోరు మూయించినందుకు. తీగ మీటి చూసినోడికి ఆ రెండూ ఒకటే మాదిరిగా వినపడతాయి. స్విచ్చి లేని కాలంలో పుట్టిన అలవాటు అది. దాన్ని నమ్ముకుని గుణశేఖర్ చేయి పెట్టినాడు...

"ఏందన్నా? చేయి నొప్పి పుడతా ఉంది."

"కదలద్దు. ముట్టుకోవద్దు."

ఆమెను గోడదాకా జరిపినాడు. గూట్లో గుణశేఖర్ స్క్రూడ్రైవరు ఇంకా ఉంది. దాని ప్లాస్టిక్ పిడి పట్టుకుని పెట్టె ముందర మోకాళ్లమీద కూచున్నాడు. ఫోను లైటులో పెద్ద డబ్బా కనపడింది. అది కూడా తను ఎంచి తెచ్చిందే, ఆవడి పాత సామాను అంగడిలో. "పెద్దది పెడితే గొంతు గట్టిగా ఉంటాది మచ్చా" అని. డబ్బా కొనకూ ఇనుప రేకుకూ నడమ స్క్రూడ్రైవరు ఆనించినాడు.

ఫట్.

నీలం మంట ఒకటి రూమంతా వెలిగించి ఆరిపోయింది. తుపాకి పేలినట్టు చెవులు గింగురుమన్నాయి. కాలిన ఇనుము వాసన. స్క్రూడ్రైవరు మొన కరిగి కొంత పోయింది.

ప్లగ్గు మేకుకే ఉంది.

ఏంజెలిన్ గోడకు అతుక్కుపోయి చూస్తా ఉంది.

"అదేందన్నా...?"

చెప్పాల. ఆమె అడిగినదానికి బదులు దొరికింది కదా. లేదమ్మా, గుణశేఖర్ తెలిసి చేయి పెట్టలేదు, నీ మాటకు పోలేదు. ఆ మాట చెప్తే రెండేండ్ల రంపపుకోత ఆగిపోతాది. కానీ దాని తోకపట్టుకుని ఇంకొక మాట వస్తాది. మరెట్ల పోయినాడన్నా? ఈ స్విచ్చి వల్లమ్మా. ఇది పెట్టమనింది ఎవురు? పెట్టిందెవురు? ఆ పొద్దు 'ఉండు' వైపు వేసింది ఎవురు?

మొదటిమాట చెప్పి రెండోది దాచిపెట్టే దోవ ఉందా అని వెతికినాడు. ఊరు రెండేండ్లుగా చెప్పే మాటే దొరికింది.

"అదేనమ్మా," అన్నాడు గుసగుసగా. "దెయ్యం."

"... నువ్వు కూడానా?"

"కంటితో చూసినావు కదా. కరెంటు లేని పెట్టెలో మంట యాడినుంచి వస్తాది? దాంట్లో ఉండింది. వాణ్ని పట్టుకునిందీ అదే. వాడు తెలిసి పెట్టలేదు చేయి. నామీద ఒట్టు. నీ మాటకు పోలేదు."

"ఒట్టా?"

"ఒట్టు. ఇంక లేదు అది. పోయింది."

ఏంజెలిన్ గోడకానుకుని అట్లనే కిందికి జారి కూచుండిపోయింది. తర్వాత ఏడ్చింది. అది ఎట్లాంటి ఏడుపంటే, రెండేండ్లుగా ఎత్తుకున్న మోపు దించుకున్నట్టు. "నామీద అలిగి పోలేదు... నామీద అలిగి పోలేదు..." అని తనకు తానే చెప్పుకునింది. దెయ్యానికి కూడా స్తోత్రం చెప్పేటట్టుండింది ఆ మొగం. నటరాజ్ ఆ పక్క చూడలేకపోయినాడు. ఆ అబద్ధం ఆమెను కాపాడేదానికా, తనను తాను కాపాడుకునేదానికా అని నేనొకతూరి అడిగినా. తెలియదన్నాడు. నిజంగానే తెలియదు ఆయనకు.

అంతటితో లేచి పోయుంటే సరిపోయుండును. కానీ ఆమె రేపు మళ్లీ వస్తాది. మళ్లీ ప్లగ్గు పీకతాది, గుడ్డ తీస్తాది. పోలేకపోయినాడు. ఆమె కండ్లు తుడుచుకుంటా ఉండగా, పెట్టె తన పక్కకు తిప్పుకున్నాడు. గూట్లోని పట్టుకారుతో స్విచ్చికొచ్చే రెండు వైర్లు తెంపి, ఒకదాంతో ఒకటి మెలేసి కలిపేసినాడు. ఇంక వాల్వులకూ డబ్బాకూ నడమ అడ్డం ఉండదు, గుణశేఖర్ చేసుకున్నట్టే. తర్వాత స్విచ్చి నట్టు వదులు చేసినాడు. చప్పుడు కాకుండా చేద్దామనుకున్నాడు. నట్టు బిగుసుకుపోయుండింది. పట్టుకారుతో తిప్పితే కీచుమనింది.

ఏంజెలిన్ తలెత్తింది.

"అన్నా..."

"మ్?"

"దెయ్యం పోయిందంటివే."

"పోయిందమ్మా."

"మరి ఆ స్విచ్చి యాల పీకతా ఉండావు?"

నట్టు ఊడి చేతిలోకి వచ్చింది. ఏదో ఒకటి చెప్పాల, ఏదైనా... "ఊరికేనమ్మా," అన్నాడు.

ఏంజెలిన్ ఆయన చేతిలో ఉన్న స్విచ్చి పక్క చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఆ స్విచ్చి వేసిన తన కుడిచేయి తిప్పి, దాని పక్క చూసుకునింది. ఏడుపు ఆగిపోయుండింది. లేచి, టిఫిన్ సంచి తీసుకుని, వెనక తలుపుతో బయటికి పోయింది.

ఇంకేమీ అడగలేదు. ఇప్పుటికీ అడగలేదంట.